నేను చూడని చివరి ఎనిమిది నిమిషాలు

మా ఎదురింటి పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు రెండు గంటలు ఆలస్యంగా అందింది. బెంగుళూరులో చిత్రోత్సవం, మూడో రోజు, పొద్దుటి రెండో ఆట. హాల్లో దీపాలు ఆరుతుండగా జేబులో ఫోను వణికింది. తీసి చూస్తే ఎమ్మిగనూరు నుంచి పెద్దమ్మ కొడుకు. సినిమా అయ్యాక మాట్లాడదాంలే అని ఫోను మళ్లీ జేబులో పెట్టుకున్నాను. తెరమీద ఆఖరి పేరు పోయేదాకా కుర్చీలోంచి లేవకూడదని ఏడాదిగా ఒక పట్టు పట్టి ఉన్నాను, అదెందుకో తర్వాత చెబుతాను. బయటికొచ్చి చూస్తే ఆరుసార్లు పిలిచి ఉన్నాడు. "అమ్మ పోయింది సార్. రాట్నం కాడ నూలు కండెలు సుడతా సుడతా పక్కకు ఒరిగిపోయింది" అన్నాడు. అప్పటికే మధ్యాహ్నం బండి వెళ్లిపోయింది. మరునాడు ఆదోనిలో దిగి, బస్సెక్కి మా వీధి చేరేసరికి మట్టి అయిపోయింది.

అప్పుడు నేను చూస్తున్న సినిమా ఏమిటని అడిగితే సరిగ్గా చెప్పలేను. ద్రాక్షతోటలో పనిచేసే ఒక ముసలాయన కథ, అంతవరకే గుర్తుంది.

ఏటా ఈ పేజీలో నేను ఉత్సవంలో చూసిన విదేశీ సినిమాల గురించి రాస్తానని మీకు తెలుసు. ఈసారి ఇరవై చూద్దామని పోయి తొమ్మిదితో తిరిగొచ్చాను. ఆ తొమ్మిది గురించి రాద్దామని కూర్చుంటే చేయి రావడం లేదు. ఇన్నాళ్లు మీకు రాసినవన్నీ ముందు పెద్దమ్మకు చెప్పినవే. ఆమె అడిగే ప్రశ్నలకు జవాబులు వెతుక్కోవడమే నా సినిమా విమర్శ. అదొక్కటే కాదు, నాలుగేళ్ల కిందట ఈ పేజీలోనే నేనొక తప్పు రాశాను. అది దిద్దుకోవలసిన పని కూడా ఉంది.

ఉత్సవం నుంచి తిరిగొచ్చిన రోజు నాకు మా ఇంట్లో కంటే ఎదురింట్లోనే పని ఎక్కువ. పెద్దమ్మ కొడుకు లోపల గుంట మగ్గం మీద నేస్తుంటాడు. ఆమె నడవలో చాప వేసుకుని, రాట్నం ముందు కూర్చుని, అతని మగ్గానికి కావలసిన నూలును కండెలకు చుడుతుంటుంది. నేను అరుగు మీద కూర్చుని సినిమా చెప్పాలి. తోచినట్టు చెప్తే ఒప్పుకునేది కాదు. మొదటినుంచి చెప్పాలి, వాళ్ల ఇల్లు ఎక్కడుందో చెప్పాలి, ఇంటికి ఎన్ని గదులో చెప్పాలి. కథ బాగుంటే రాట్నం మెల్లగా తిరిగేది. మరీ బాగుంటే ఆగేది. వారం రోజులు దేశదేశాల దర్శకులకు చప్పట్లు కొట్టి వచ్చినవాణ్ని, ఆ రాట్నం ఆగుతుందా లేదా అని ఓరకంట చూస్తుండేవాణ్ని.

ఆమె చదువుకోలేదు. ఆదోని, మంత్రాలయం, ఒకసారి తిరుపతి, అంతకు మించి ఊరు దాటలేదు. వయసులో ఉన్నప్పుడు సినిమాలు బాగానే చూసిందట గానీ కళ్లు మసకబారాక మానేసింది. ఏ దేశం సినిమా అయినా ఆమె మొదటి ప్రశ్న ఒకటే: "ఏం తిన్యారప్పా వాళ్లు?" రెండోది బట్ట. నేసిందా, మిల్లుదా, అంచు ఉందా, రంగు నిలిచేదేనా. మొదటి రెండేళ్లు తెల్లమొహం వేశాను. తర్వాత తర్వాత హాల్లో కూర్చుంటే పాత్రల కంచాల్లోకి, చొక్కాల అంచుల్లోకి చూడటం అలవాటైపోయింది. చిన్న చిన్న వివరాలు బాగా పట్టుకుంటారని మీలో కొందరు మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు. ఆ మెప్పు ఆమెకు చెందాల్సింది, నేనే ఉంచేసుకున్నాను.

ఒక ఏడు, ఎక్కడో ఉత్తరాన సముద్రం ఒడ్డునున్న దేశపు సినిమా చూశాను. చేపలకు పోయిన భర్త తిరిగి రాడు. అతని భార్య వంటింట్లో కూర్చుని ఉర్లగడ్డలు ఒలుస్తుంది. కెమెరా కదలదు, ఆమె మాట్లాడదు, ఏడు నిమిషాలు అదే. హాల్లో సగంమంది లేచిపోయారు. మిగిలినవాళ్లం పరవశించిపోయాం. కాలం గురించి, మౌనం గురించి పెద్దమ్మకు నేనొక ఉపన్యాసమే ఇచ్చాను. అంతా ఓపికగా విని, "ఏడు నిమిషాలకు ఎన్ని గడ్డలు ఒలిసిందప్పా?" అని అడిగింది. గుర్తు తెచ్చుకుని నాలుగు అన్నాను. "నాలుగేనా? అయితే ఆయమ్మ మనసు ఆడ లేదు" అని రాట్నం తిప్పుకుంది. ఆ సినిమా మీద ఇక్కడ రెండు పేజీలు రాశాను. అందులో ఆ మాట కంటే ఎక్కువ చెప్పిందేమీ లేదు.

ఇసుక దేశం సినిమా ఒకటి ఆమెకు బొత్తిగా నచ్చలేదు. అన్నదమ్ములిద్దరు తోలుసంచి పట్టుకుని నీళ్ల కోసం గంటన్నర నడుస్తారు. నీళ్లకు నడిచేది కూడా సినిమానా, ఎండాకాలం పెద్దకడుబూరు పక్క పోయి కెమెరా పెట్టుకుంటే సరిపోయేది గదా అని విసుక్కుంది. కొండదేశంలో తివాచీలు నేసేవాళ్ల సినిమా చెప్పినప్పుడు మగ్గం గోడకు ఆనించినట్టు నిలువుగా ఉంటుందంటే అసలు నమ్మలేదు. ఫోనులో బొమ్మ చూపించాను. కళ్లకు ఆనించుకుని చాలాసేపు చూసి, కొడుకును మగ్గం గుంటలోంచి పిలిచి మరీ చూపించింది. తల్లీకొడుకులిద్దరూ ఆ దేశంవాళ్ల నడుములు ఏం కావాలని జాలిపడ్డారు.

ఇంకో సినిమాలో ఒక ఊరివాళ్లు ఏటా పండగనాడు రెండు జట్లుగా చీలి ఒకరిమీద ఒకరు కాయలు విసురుకుంటారు. మనుషుల్లో దాగిన హింస అదీ ఇదీ అని నేను వివరిస్తుంటే పెద్దమ్మకు నవ్వొచ్చింది. ఉగాది దాటితే కైరుప్పలలో పిడకలతో కొట్టుకోరా అని గుర్తుచేసింది. ఆ ఊళ్లో ఆమెకు చుట్టాలున్నారు. "కొట్టుకునేది ఒగ దినం, పలకరించుకునేది ఏడాదంతా. ఆ రెండోది సూపిచ్చినారా?" అంది. చూపించలేదు. ఆ లోపం హాల్లో ఉన్న మా పండితులెవరికీ తట్టలేదు.

ఆమె సామెతలన్నీ మగ్గం చుట్టూనే తిరిగేవి. తెగిన పోగు కొన చేతికి దొరికినప్పుడే ముడి వేయాలి, మళ్లీ వెతికితే దొరకదు అని కోడలితో అనేది, కూరగాయలమ్మే ఆమెతో అనేది, ట్రాన్స్‌ఫర్ వచ్చి గింజుకుంటున్నప్పుడు నాతో కూడా అంది. తన విషయానికొచ్చేసరికి మాత్రం ముడి వేయలేదు. అది మా వీధంతా ఎరిగిందే.

పెద్దమ్మకు ఒక చెల్లెలుంది. వాళ్ల నాయన పోతూ పోతూ తన మగ్గాన్ని చిన్నకూతురికిచ్చాడు, ఆ అల్లుడు కూడా నేసేవాడే కాబట్టి. నేత సాగక ఆ మొగుడూపెళ్లాలు ఆదోనికి పోయారు. అతను పత్తి జిన్నింగు మిల్లులో పనికి కుదిరాడు. ఒక వానాకాలంలో ఆ మగ్గం కట్టెను విరిచి పొయ్యిలో పెట్టుకున్నారు. పెద్దమ్మ వాళ్ల ఇళ్లలో మగ్గం మూలపడితే అటక మీదికి ఎక్కిస్తారు గానీ నిప్పుల్లోకి పోనివ్వరు. సంగతి తెలిసి ఆమె భగ్గుమంది. నాయన్ను పొయ్యిలో పెట్టినంత పాపమని, ఆ పొయ్యి మీద వండిన కూడు ముట్టనని పదిమందిలో ఒట్టు పెట్టుకుంది. తర్వాత కొన్నాళ్లకు చెల్లెలు మాట్లాడదామని వస్తే పట్టపగలు ఆమె మొహం మీదే తలుపు వేసింది. మా వీధిలో పడుకునేముందు తప్ప ఎవరూ తలుపులు వేయరు. ఆ చెల్లెలు అరుగు మీద కాసేపు కూర్చుని, లేచి బస్టాండుకు పోయిందట.

నేను ఆ వీధికి కాపురం రాకముందు మాట ఇది. ఇరవై ఏళ్లు దాటినా వీధి మరిచిపోలేదు, పెద్దమ్మ అసలే మరిచిపోలేదు. కోపం ఎప్పుడో చల్లారింది, సిగ్గు మిగిలింది. నేను ఆదోని నుంచి వచ్చి బస్సు దిగిన ప్రతిసారీ "ఆదోనిలో వానలుండాయా?" అని అడిగేది. ఆమె అడుగుతున్నది వానల గురించి కాదని నాకు తెలుసు.

ఇక నా తప్పు. చిత్రోత్సవాలకు పోయేవాళ్లకు ఒక జబ్బుంటుంది. ఒక సినిమా నడుస్తుండగానే తర్వాతి సినిమాకు వరుసలో నిలబడాలి, లేకపోతే సీటు దొరకదు. చివరి పది నిమిషాలు వదిలేసి పక్క హాలుకు పరిగెత్తడం మాలో తప్పు కాదు, ఒడుపు. ముక్కాలు చూసిన సినిమా గురించి టీకొట్టు దగ్గర నిండుగా మాట్లాడటం అంతకు మించిన ఒడుపు. నాకు రెండూ బాగా వంటబట్టాయి.

నాలుగేళ్ల కిందట ఒక మంచుదేశం సినిమా వచ్చింది. ఇద్దరు ముసలి అక్కచెల్లెళ్లు. ఎందుకో తగువు పడి ముప్పై ఏళ్లుగా మాటల్లేవు. అక్క ఒకరోజు బస్సెక్కుతుంది. బస్సు మంచులో కూరుకుపోతే దిగి నడుస్తుంది. దారిలో పాలబండివాడు ఎక్కించుకుంటాడు. పొద్దు వాలేసరికి చెల్లెలి ఇంటిముందు నిలబడి, చేతికున్న ఉన్ని తొడుగు తీసి, తలుపు తడుతుంది. లోపల దీపం వెలుగుతోంది. కుర్చీ జరిగిన చప్పుడైంది. సరిగ్గా అక్కడ నేను గడియారం చూసుకుని, పక్క హాల్లో ఒక పేరుమోసిన దర్శకుడి సినిమాకు వరుసలో నిలబడటానికి లేచి వచ్చేశాను.

ఆ కథను తెచ్చి పెద్దమ్మకు చెప్పాను. చెప్పేటప్పుడు ఆమె చెల్లెలు నాకు గుర్తు రాలేదంటే అబద్ధం. గుర్తొచ్చింది, అందుకే ఇంకాస్త బాగా చెప్పాను. ఉన్ని తొడుగు తీసిందనేసరికే రాట్నం ఆగిపోయింది. అంత త్వరగా ఆగడం ముందెన్నడూ చూడలేదు. తలుపు తట్టిందని చెప్పి నేనూ ఆగాను.

"తీసిందాప్పా?" అంది.

తెలియదు పెద్దమ్మా, నడుమలో లేచొచ్చేశాను అంటే సరిపోయేది. ఆ ఒక్క మాటకు నోరు రాలేదు. వారం రోజులు ఉత్సవంలో తిరిగొచ్చి తెలియదంటే ఏం మర్యాద? పైగా గొప్ప సినిమాల్లో తలుపులు తెరుచుకోవని అప్పట్లో నాకొక గట్టి నమ్మకం. తెరుచుకుంటే అది మామూలు సినిమా, చూసి మరిచిపోయేది.

"తీయలేదు పెద్దమ్మా" అన్నాను. "శానాసేపు నిలబడి, మల్ల మంచులోకే ఎల్లిపోతాది. అంతే సినిమా."

వాళ్లు ఏం తిన్నారని ఆమె అడగలేదు. బట్ట గురించి అడగలేదు. "అట్లనా" అంది. కాసేపటికి రాట్నం మళ్లీ తిరిగింది. ఆ నెల ఈ పేజీలో కూడా అదే రాశాను, తెరుచుకోని ఆ తలుపే ఈ సినిమాకు ప్రాణమని. మీలో ఎవరూ కాదనలేదు. ఆ సినిమా మీరెవరూ చూసి ఉండరు, నన్ను నమ్మారు.

పోయిన ఎండాకాలం సెలవుల్లో ఆ సినిమా ఫోనులో దొరికింది. నేను లేచొచ్చిన చోటు వెతికి పెట్టుకుని చూశాను. ఇంకా ఎనిమిది నిమిషాలుంది. తలుపు తెరుచుకుంది. చెల్లెలు ఆశ్చర్యపోదు, ఏడవదు, కావలించుకోదు. కాళ్లు తుడుచుకో, నేలంతా తడిసిపోతుంది అంటుంది, అంతే. అక్క తుడుచుకుని లోపలికొస్తుంది. మిగతాసేపంతా ఇద్దరూ బల్ల దగ్గర కూర్చుని కాబేజీ ఉడికించిన వేడినీళ్లలో రొట్టె ముంచుకుని తింటారు. ఏం తిన్నారని పెద్దమ్మ అడిగితే ఇప్పుడు చెప్పగలను.

ఆ పూటే వెళ్లి చెప్పవలసింది. వెళ్లాను కూడా. అరుగు మీద కూర్చుని, ఎండల గురించి, పత్తికొండలో టమోటాలు పారబోస్తున్న రైతుల గురించి మాట్లాడి లేచి వచ్చేశాను. ఒక అబద్ధం ఒప్పుకుంటే ఇన్నేళ్లుగా చెప్పిన సినిమాలన్నిటి మీదా ఆమెకు అనుమానం వస్తుందని నా బాధ. ఆ నాలుగు గడ్డలు కూడా నేను కల్పించినవే అనుకుంటుందేమోనని బాధ. తర్వాతి ఉత్సవం రానీ, కొత్త సినిమాలతోపాటు కలిపి నిదానంగా చెప్తానని నాకు నేనే వాయిదా వేసుకున్నాను. అప్పటినుంచే ఏ సినిమాకైనా ఆఖరి పేరు పోయేదాకా కుర్చీలోంచి లేవకూడదన్న పట్టు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. ఆ పట్టు వల్లే ఆరోజు ఫోను ఎత్తలేదు, బండి అందలేదు, ఆమె కడసారి చూపు నాకు దక్కలేదు.

మూడో దినంనాడు ఎదురింటికి పోతే కోడలు లోపలినుంచి ఒక కొత్త చీర తెచ్చి చూపించింది. వంకాయ రంగు, సన్నంచు. నాలుగేళ్ల కిందట పెద్దమ్మ కొడుకును పట్టుబట్టి నేయించిందట. అది చెల్లెలికి ఇచ్చి వస్తానని సంచిలో పెట్టుకుని, శుక్రవారం ఆదోని బస్సుకు పోవాలని అంతా సిద్ధం చేసుకుంది. గురువారంనాడు ఏమైందో ఏమో, సంచి విప్పి చీర తీసి పెట్టెలో పెట్టేసింది. ఎందుకని కోడలు అడిగితే, "తలుపు తీయకపోతే నా మొగం యాడ పెట్టుకోవల్ల" అందట. అంతకు మించి చెప్పలేదట.

"ఎవరేం సెప్పినారో సార్, మల్ల ఆ ఊసే ఎత్తలా" అంది కోడలు.

ఆ గురువారం నేను చేతులు తిప్పుతూ మంచు ఎట్లా కురుస్తుందో చెప్పిన గురువారమే.

చెల్లెలు కబురు అందిన వెంటనే తన కొడుకుతోపాటు ఆదోని నుంచి వచ్చిందట. అందరికంటే ముందు వచ్చిన చుట్టం ఆమేనన్నారు. కొడుకు మిల్లు పనికి తిరిగి పోయినా ఆమె మూడు దినాలూ ఉండిపోయింది. నడవలో గోడవారన కూర్చుని ఉంటే చూశాను. అక్క పోలికే, కాస్త పొట్టి. ఆ మధ్యాహ్నం బయలుదేరుతుంటే చీర ఆమె చేతిలో పెట్టారు. తోడుగా నేను వస్తానన్నాను.

బస్సు ఊరు దాటాక మొదలుపెట్టాను. చిన్నమ్మా అని పిలిచి, ఎనిమిది నిమిషాలతో సహా సినిమా మొత్తం చెప్పాను. తర్వాత పెద్దమ్మకు నేనేం చెప్పానో చెప్పాను. తిడుతుందని కాచుకున్నాను. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. ఆమె ఒళ్లోని చీర సంచిని అటూ ఇటూ సర్దుకుంది.

"మగ్గం కాల్సింది నిజమేప్పా" అంది. "బిడ్డకు జరం, ముసురు పట్టె, ఇంట్లో కట్టెపుల్ల ల్యాకపాయ. అక్క అనిన దాంట్లో తప్పు ల్యా. వస్తే తిట్టుకుంటానే వస్తాదిలే అనుకుంటా ఉంటి."

నేను చెప్పిన అబద్ధం గురించి ఒక్క మాటా అనలేదు. ఆదోని వచ్చేదాకా కిటికీలోంచి పత్తిచేల వైపు చూస్తూ కూర్చుంది. క్షమించిందో, నేనెవరో ఆమెకు పట్టనే లేదో నాకు తెలియలేదు. అడిగే ధైర్యమూ లేకపోయింది.

వాళ్ల ఇల్లు బజారు వెనక ఒక సన్నటి సందులో. కొడుకు మిల్లులో ఉన్నాడు, ఇంట్లో ఇంకెవరూ లేరు. తలుపు మాత్రం బార్లా తీసి ఉంది. పక్కింటి సాయిబులామె నీడకోసం కాబోలు, చేట పట్టుకుని వీళ్ల నడవలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుకుంటోంది. మమ్మల్ని చూసి లేచి, చిన్నమ్మ చేయి పట్టుకుంది. తర్వాత చేట తీసుకుని వాళ్లింటికి పోయింది.

"ఇంట్లో ఎవరూ లేకపోయినా తలుపు ఎయ్యరా చిన్నమ్మా?" అని అడిగాను.

ఆమె నన్ను వింతగా చూసింది.

"యాల ఎయ్యల్లప్పా? ఎవరన్నా వస్తే?"

మంచినీళ్లు తెస్తానని లోపలికి పోయింది. నేను గడప ఇవతలే నిలబడిపోయాను. గాలికి పడకుండా తలుపు మొదట్లో ఒక రాయి పెట్టి ఉంది. గోడలకు సున్నం కొట్టినప్పుడల్లా దాన్ని జరపకుండా దానికి కూడా కొట్టేసినట్టున్నారు. ఎన్నేళ్ల సున్నమో, పొరమీద పొర పేరుకుని, ఆ రాయి గోడకూ నేలకూ కరుచుకుపోయి ఉంది. కాలి బొటనవేలితో మెల్లగా నెట్టి చూశాను. కదల్లేదు.